మోటారుకి విశ్రాంతి

ఆ వీధిలోకి ఏ మనిషి వచ్చినా, ఏ బండి వచ్చినా ముందు తెలిసేది దర్జీ కొట్టు గుమ్మం పక్కన కుర్చీ వేసుకు కూర్చునే ముసలావిడకే. ఆ మధ్యాహ్నం సబ్బుల ఫ్యాక్టరీ తోపుడుబండి మలుపు తిరగడం చూసి ఆవిడ వెనక్కి తల తిప్పి, నాలుగిళ్ళకి వినపడేలా, "అమ్మాయ్, నీ మోటారు మళ్ళీ పుట్టింటికి వచ్చేసింది" అంది.

వెనక గదిలో ఉన్న కోడలికి ఒళ్ళు మండింది. అత్తగారి మాటకి కాదు, అలాంటి మాటలకి ముప్పై ఏళ్ళుగా అలవాటు పడిపోయింది. బండి గుమ్మం దాటకముందే లోపలికొచ్చిన కాలిన వార్నీష్ వాసనకి మండింది. ఎనిమిది నెలల్లో అదే మోటారు తిరిగి రావడం ఇది మూడోసారి. మొదటిసారి పైనున్న నీళ్ళగొట్టం పగిలి, తడిసి ముద్దయి వచ్చింది. అందులో ఎవరి తప్పూ లేదు. రెండోసారీ, ఇప్పుడూ మాత్రం లోపలి తీగంతా బొగ్గయి వచ్చింది.

ఊళ్ళో అందరికీ ఆ కోడలు డాక్టరక్క. సూదిమందు వెయ్యడం రాదు, ఒక్క మాత్ర పేరూ తెలీదు. తిరుగుతున్న మోటారు ఒంటిమీద అరచెయ్యి ఆనించి, పెదాలు కదిలిస్తూ అంకెలు లెక్కపెట్టి దానికి జ్వరం ఉందో లేదో చెబుతుంది. ఇరవైదాకా లెక్కపెట్టగలిగితే మోటారు ఆరోగ్యంగా ఉన్నట్టు. పదికే చెయ్యి లాక్కుంటే లోపలేదో తేడా ఉన్నట్టు. ఒకసారి ఎవరో ఇంజినీరు మీటరు తెచ్చి పందెం కాశాడట. ఆవిడ చెప్పిన అంకెకీ మీటరు అంకెకీ రెండు డిగ్రీలే తేడా వచ్చేసరికి, మీటరు సంచిలో పెట్టుకుని టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడట. ఈ కథ ఆవిడే చెబుతుంది. చెప్పిన ప్రతిసారీ ఆ ఇంజినీరు హోదా ఒక మెట్టు పెరుగుతూ ఉంటుంది.

పన్నెండేళ్ళ వయసులో మేనమామ షెడ్డులో ఈ పని పట్టుకుంది. మోటారు లోపలి ఇరుకు గాడుల్లో రాగితీగ చుట్టి కూర్చడానికి సన్నటి వేళ్ళు కావాలి. మేనమామకి ముగ్గురు కొడుకులున్నా ముగ్గురివీ తండ్రిలాగే అరటికాయల్లాంటి వేళ్ళు. మేనకోడలు తీగ పట్టుకున్న మొదటిరోజే ఆయన కొడుకులని బయటికి తోలేసి, "ఇక నువ్వే" అన్నాడట. తర్వాత దర్జీతో పెళ్ళయింది. ముందు గదిలో ఆయన చొక్కాలు, వెనక గదిలో ఈవిడ మోటార్లు. కత్తెర ఎవరిదన్న దగ్గర తప్ప ఆలుమగల మధ్య పెద్ద గొడవలేమీ లేవు.

ఫ్యాక్టరీలో సబ్బు పిండే మిషను ఒకటుంది. పైనుంచి సబ్బు ముద్ద వేస్తే లోపలి ఇనుప మర దాన్ని గట్టిగా నొక్కి, ముందున్న రంధ్రంలోంచి పొడుగాటి కడ్డీలా బయటికి తోస్తుంది. బల్ల దగ్గర నిలబడ్డ ఆడవాళ్ళు ఆ కడ్డీని ముక్కలు కోస్తారు. ఇదివరకు దాని మోటారుకి రెండే తెలుసు, పూర్తి వేగంతో తిరగడం, లేకపోతే ఆగిపోవడం. యజమాని అల్లుడు మేనేజరుగా వచ్చాక దానికి కొత్త మోటారు పెట్టించి, గోడకి డ్రైవు అనే పెట్టె ఒకటి బిగించాడు. దాని మీదున్న నాబు తిప్పితే మోటారు ఎంత నెమ్మదిగా కావాలంటే అంత నెమ్మదిగా తిరుగుతుంది.

తడిసిన మోటారుని డాక్టరక్క మొదటిసారి చుట్టి బిగించిన రోజున ఆ పెట్టె మొండికేసింది. ఎర్రదీపం వెలిగించుకుని ఉలకదు, పలకదు. అందరూ బిక్కమొహాలు వేశారు. డాక్టరక్క పెట్టె మూత తీసి, ఏమీ తగిలించకుండా ఖాళీగా ఉన్న రెండు స్క్రూల మధ్య చిటికెన వేలంత రాగితీగ ముక్క బిగించింది. దీపం ఆరిపోయింది, మోటారు గిర్రున తిరిగింది. అప్పుడు టార్చి పట్టుకుని నిలబడ్డది ఆ మిషను ఆపరేటరు. అతను ఆవిడకి సొంత మరిది. "మారాం చేస్తే చెవి మెలెయ్యాలి, అంతే" అందావిడ. ఆ మాట ఫ్యాక్టరీలో నెలరోజులు చెప్పుకున్నారు. ఆవిడా కాదనలేదు.

మూడోసారి చుట్టిన మోటారుని బిగించిన రోజున మాత్రం ఎవరూ ఆవిడ గొప్ప చెప్పుకోలేదు. మేనేజరు అందరి ముందూ నిలబడి, "డాక్టరమ్మగారూ, చేత్తో జ్వరాలు చూసే కాలం అయిపోయినట్టుందండీ" అన్నాడు. "ఇంకొక్కసారి కాలిందంటే పెద్ద షాపుకి పంపించేస్తాను. ఇదొక్కటే కాదు, ఫ్యాక్టరీలో ఉన్న పధ్నాలుగు మోటార్లూ."

"నా చుట్టులో లోపం లేదు సార్."

"మరి లోపం ఎక్కడుందంటారు? నేను దీన్ని ఎంత సున్నితంగా చూసుకుంటున్నానో మీ మరిదినే అడగండి. ముద్ద గట్టిగా ఉన్న రోజున పూర్తి వేగం పెట్టనివ్వను. పావు వేగమే. దానికీ కాస్త విశ్రాంతి కావాలి కదా."

ఆవిడకి తల కొట్టేసినట్టయింది. పధ్నాలుగు మోటార్లు పోతే వెనక గది సగం ఖాళీ అవుతుంది, ఆ భయం ఉంది. కానీ అంతకంటే పెద్ద బాధ ఇంకొకటి. మేనమామ పోయాడు, ఆయన షెడ్డు మూతబడింది, ఆయన నేర్పిన చుట్టు మాత్రం ఈవిడ వేళ్ళలో మిగిలింది. అది పనికిమాలినదని సబ్బు కోసే ఆడవాళ్ళ ముందు అనిపించుకోవడం ఆవిడ వల్ల కాలేదు. ఆ రాత్రి అన్నం సయించలేదు. మర్నాడు పొద్దున్నే టిఫిన్ డబ్బా కట్టుకుని, పిలవని పేరంటంలా ఫ్యాక్టరీకి వెళ్ళి మిషను పక్కన స్టూలు వేసుక్కూర్చుంది.

అక్కడో వింత కనిపించింది. మోటారు వీపు మీద ఆరు టిఫిన్ డబ్బాలు వరసగా కొలువుదీరి ఉన్నాయి.

"ఇదేంటయ్యా?" అనడిగింది మరిదిని.

"వేడికి పెట్టుకుంటాం వదినా. డ్రైవు వచ్చినప్పట్నుంచీ చల్లారిన కూర తినే బాధ తప్పింది. నీ డబ్బా కూడా ఇలా ఇవ్వు."

"రోజూ వేడెక్కుతాయా?"

"అబ్బే, రోజూ ఎక్కడ? పూర్తి వేగం పెట్టిన రోజున ఉత్తి గోరువెచ్చగా ఉంటాయి. పావు వేగం రోజున మాత్రం మూత పట్టుకుంటే చెయ్యి కాలుతుంది. అందుకే బల్ల దగ్గరి వాళ్ళంతా పావు వేగం రావాలని కోరుకుంటుంటారు."

డాక్టరక్క డబ్బా ఇవ్వబోయి ఆగిపోయింది. వేగంగా తిరిగితే చల్లగా, నెమ్మదిగా తిరిగితే వేడిగా ఉండడమేమిటి? లేచి మోటారు వెనక్కి వెళ్ళి చూసింది. మోటారు తోకకి రేకు టోపీ కింద ఒక చిన్న ఫ్యాను ఉంటుంది. మోటారు ఒంటిమీదికి గాలి విసరడమే దాని పని. అది మోటారు ఇరుసుకే బిగించి ఉంటుంది కాబట్టి మోటారు ఎంత తిరిగితే అదీ అంతే తిరుగుతుంది. ఆ రోజు కూడా పావు వేగమే పెట్టారు, రెక్కలు ఒక్కొక్కటీ విడివిడిగా కనబడుతున్నాయి. టోపీ దగ్గర చెయ్యి పెడితే గాలే లేదు. సబ్బు ముద్ద మాత్రం వేగం తగ్గించారు కదా అని మెత్తబడదు. దాన్ని నొక్కడానికి మోటారు అంతే బలం పెట్టాలి, అంతే కరెంటు తీసుకోవాలి, అంతే వేడెక్కాలి. మోసేవాడి నెత్తిన బరువు అలాగే ఉంది, విసిరేవాడు మాత్రం కునుకు తీస్తున్నాడు.

ఇంతకాలం ఇది తనకెందుకు తట్టలేదో కూడా ఆవిడకి అర్థమైంది. తన గదిలో చుట్టిన ప్రతి మోటారునీ పూర్తి వేగంతో తిప్పే చెయ్యి పెట్టి చూసేది. అక్కడ దానికి జ్వరం ఎలా వస్తుంది? ముందు డబ్బాలన్నీ దించేయించింది. ఆరుగురూ మూతులు ముడుచుకున్నారు. తర్వాత మేనేజరు దగ్గరికి వెళ్ళి విడమరిచి చెప్పింది.

ఆయన విన్నాడు. విన్నట్టు మొహం పెట్టాడు అంటే సరిగ్గా ఉంటుంది. డ్రైవు మీద వెలుగుతున్న అంకెలు చూపించి, "కరెంటు హద్దులోనే ఉంది, చూడండి. దాటితే ఈ పెట్టే ఆపేస్తుంది" అన్నాడు.

"అది చూసేది కరెంటుని సార్. వేడిని కాదు."

"నెమ్మదిగా నడిచే మనిషికి చెమట పడుతుందాండీ ఎక్కడైనా?"

"నెత్తిన బస్తా ఉంటే పడుతుంది సార్."

ఆయన నవ్వేసి తన గదిలోకి వెళ్ళిపోయాడు. ఆ గది ఒకప్పుడు మిషను హాల్లో భాగమే. తర్వాత చుట్టూ అద్దాలు బిగించి మేనేజరు గది చేశారు. సబ్బు పొడి రాకూడదని కిటికీలు కూడా పెట్టలేదు. ఉన్న ఆధారమల్లా పైన ఒక ఫ్యాను. దాని రెగ్యులేటరు మాత్రం గదిలోకి మార్చే ఓపిక ఎవరికీ లేక, బయట గోడమీద పాత బోర్డులోనే ఉండిపోయింది, డ్రైవు పెట్టెకి సరిగ్గా జానెడు దూరంలో.

డాక్టరక్క ఆ నాబు చూసింది, ఈ నాబు చూసింది. ఆవిడ మొహంలో నవ్వు చూసి మరిది గోడకి అడ్డంగా నిలబడ్డాడు.

"వద్దు వదినా. నా ఉద్యోగం పోతుంది."

"నేనేం చెయ్యమన్నానని? ఆయన మాట తు.చ. తప్పకుండా వినమంటున్నా. ఆ నాబు ఎంత తగ్గించమంటే ఈ నాబు కూడా అంతే తగ్గించు. విశ్రాంతి ఇద్దరికీ సమానంగా ఇద్దాం."

రెండు రోజుల తర్వాత మళ్ళీ గట్టి ముద్ద వచ్చింది. ఎండ పొద్దున్నించే మాడ్చేస్తోంది. మేనేజరు అద్దాల వెనక నుంచి నాలుగు వేళ్ళు చూపించి మూడు ముడిచాడు. పావు వేగం అని అర్థం. మరిది ఎడమ చేత్తో ఒక నాబు తిప్పాడు, దేవుడి మీద భారం వేసి కుడి చేత్తో రెండోది తిప్పాడు.

కాసేపటికి గదిలో మేనేజరు పై బొత్తాం తీశాడు. ఇంకాసేపటికి ఒక ఫైలు తీసుకుని విసురుకున్నాడు. పని చేసుకోవడానికి ఫైలు కావలసి వచ్చి దాన్ని దించాడు, దించగానే చెమట కాగితాల మీద పడింది. కుర్చీ ఎక్కి ఫ్యాను వైపు చూశాడు. రెక్కలు లెక్కపెట్టడానికి వీలుగా తిరుగుతున్నాయి. బల్ల దగ్గరి ఆడవాళ్ళు కడ్డీ మీదికి వంగి పెదాలు బిగపట్టుకుని కోస్తున్నారు. ఆ పూట కోసిన సబ్బులన్నీ వంకరే.

పన్నెండు దాటాక ఆయన తలుపు తోసుకుని బయటికొచ్చాడు. చొక్కా వీపుకి అంటుకుపోయింది. "ఫ్యాను పాడైంది. ఎవరినైనా పిలవండి" అన్నాడు.

స్టూలు మీదున్న డాక్టరక్క చాలా వినయంగా లేచింది. "పాడవలేదు సార్. విశ్రాంతి తీసుకుంటోంది."

"ఫ్యానుకి విశ్రాంతేమిటి?"

"మీరు పరిగెత్తే పనేం చెయ్యడం లేదు కదా సార్, నెమ్మదిగా కూర్చుని రాసుకునే పనే కదా. పావు వేగం సరిపోతుందనుకున్నాం."

బల్ల దగ్గర కత్తులు ఆగిపోయాయి. మేనేజరు గోడవైపు చూశాడు. పక్కపక్కనే రెండు నాబులు, రెండూ ఒకే మూలకి తిరిగి ఉన్నాయి. ఆయన మొహం ముందు ఎర్రబడింది. మరిది తన ఉద్యోగానికి మనసులోనే నీళ్ళొదులుకున్నాడు. ఆయన మాత్రం ఎవరినీ ఏమీ అనకుండా మోటారు దగ్గరికి నడిచి, దాని వీపు మీద అరచెయ్యి ఆనించాడు. మూడు లెక్కపెట్టేలోగా లాక్కుని ఊదుకున్నాడు.

ఆయనకి ముక్కు మీద కోపమే కానీ మొండితనం లేదు. చెయ్యి ఊదుకుంటూనే, "బస్తా అన్నారు మొన్న. ఇప్పుడర్థమైంది" అన్నాడు. తర్వాత అందరివైపూ తిరిగి, "తప్పు నాదే. వీరి చుట్టు బాగానే ఉంది. మన మోటార్లు ఎక్కడికీ వెళ్ళవు, వీరి దగ్గరికే వెళతాయి" అన్నాడు. "చెప్పండి, దీనికేం చెయ్యాలి?"

"ఆ తోక ఫ్యాను తీసేసి, వేరే కరెంటుతో తిరిగే సొంత ఫ్యాను పెట్టాలి సార్. మోటారు ఎంత నెమ్మదించినా అది మాత్రం పూర్తి వేగంతో విసురుతూనే ఉంటుంది."

"రేపే తెప్పిస్తాను."

డాక్టరక్క కాళ్ళు నేలమీద లేవు. మరిది గది ఫ్యాను పూర్తిగా తిప్పాడు. ఆ సంబరంలో మోటారు ఇంకా పావు వేగంలోనే ముక్కుతూ తిరుగుతోందన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు, ఆవిడకి కూడా.

మేనేజరు చెమట తుడుచుకుని గదిలోంచి ఒక పుస్తకం పట్టుకొచ్చాడు. "నాకొకటి అంతుపట్టడం లేదు. డ్రైవుతో వచ్చిన పుస్తకం ఇది. మన మోటారు చుట్టులో మూడు పూసల్లాంటివి ఉంటాయట. లోపల వేడి హద్దు దాటగానే అవి సన్నటి తీగల మీదుగా పెట్టెకి చెబుతాయట, పెట్టె మోటారుని ఆపేస్తుందట. మరి రెండుసార్లు కాలిపోతుంటే ఒక్కసారీ ఆపలేదేం? అమ్మినవాళ్ళు మనకి టోపీ పెట్టారు. ఇవాళే ఘాటుగా ఉత్తరం రాస్తాను."

 తడిసిన మోటారుని మొదటిసారి విప్పిన రోజు డాక్టరక్క కళ్ళముందు కదిలింది. పాత తీగ మధ్యలో మెంతిగింజంత పూసలు మూడు, వాటికి సన్నటి తెల్లతీగలు. నలభై ఏళ్ళలో ఆవిడ ఏ మోటారులోనూ అలాంటివి చూడలేదు. తయారుచేసినవాళ్ళు మరిచిపోయిన చెత్త అనుకుని, పాత రాగితో పాటు ఊడ్చి పారేసింది. తర్వాత ఆ పెట్టె ఎర్రదీపం పెట్టుకుని తిరగనన్నది మొండితనంతో కాదు. పూసలేవని అడిగింది. తను దాని నోట్లో తీగముక్క కుక్కింది.

మేనేజరు వెనక నిలబడ్డ మరిదికీ అదే క్షణంలో తెలిసినట్టుంది. ఆ రోజు టార్చి పట్టుకున్నది అతనే కదా. కళ్ళతోనే వద్దన్నాడు. పక్కకి వచ్చి, గొంతు తగ్గించి, "ఊరుకో వదినా. ఉత్తరమే కదా, రాసుకోనీ" అన్నాడు.

ఊరుకుంటే సరిపోతుంది. ఆ సంగతి తెలిసింది ఇద్దరికే. పధ్నాలుగు మోటార్లూ దక్కాయి, మేనమామ పేరు నిలబడింది, మేనేజరంతటివాడు అందరి ముందూ తప్పు ఒప్పుకున్నాడు. ఇన్నాళ్ళకి తిరిగొచ్చిన పరువుని చేజేతులా పోగొట్టుకోవడమా? ఆవిడకి నిజంగానే ఊరుకోవాలనిపించింది. మేనేజరు జేబులోంచి కలం తీశాడు.

"ఉత్తరం రాయకండి సార్" అంది డాక్టరక్క. "ఆ పూసలు నేనే పారేశాను."

మిగతాదంతా కూడా చెప్పేసింది. చెత్తనుకోవడం, ఊడ్చెయ్యడం, పెట్టె తిరగనంటే తీగముక్క పెట్టడం, పెట్టి గొప్పలు చెప్పుకోవడం. "మోటారు తన జ్వరం సంగతి ఎవరితోనో చెప్పుకుందామనుకుంది సార్. నేనే దాని నోరు నొక్కేసి, కాలినప్పుడల్లా మిమ్మల్ని తిట్టుకున్నాను. ఇందులో సగం మీ విశ్రాంతిది, సగం నా తీగది."  చెబుతుంటే ఏడుపొచ్చింది కానీ సబ్బు ఘాటు మీదికి నెట్టేసింది. తర్వాత స్క్రూడ్రైవరు తీసుకుని పెట్టె మూత విప్పి, ఆ ముక్కని బయటికి లాగింది.

మోటారు ఆగిపోయింది. కడ్డీ మిషను నోట్లోంచి మూరెడు వేలాడుతూ నిలిచిపోయింది. 

"మళ్ళీ ఎప్పుడు తిరుగుతుంది?" అన్నాడు మేనేజరు.

"మూడు రోజులు పడుతుంది సార్. పూసలు తేవాలి, చుట్టు మధ్యలో పెట్టి కట్టాలి, వార్నీష్ ఆరాలి."

"అంతదాకా ఆ ముక్క పెట్టి నడిపిస్తే?"

"నేను పెట్టను."

ఆయన మరిదివైపు చూశాడు. అతను ఎక్కడలేని అమాయకత్వం మొహానికి పులుముకుని, "నాకు ఆ మూత తియ్యడమే రాదు సార్" అన్నాడు.

మేనేజరు సబ్బుల పెట్టె మీద చతికిలబడ్డాడు. "అందరి ముందూ తప్పు నాదేనని చెప్పి పది నిమిషాలు కాలేదు. మీరు ఇంకాస్త ముందు నోరు విప్పుంటే నేను సగమే ఒప్పుకునేవాణ్ణి కదండీ."

బల్ల దగ్గర పెద్దావిడ కత్తి పక్కన పెట్టి, "అక్కా, ఇంకేమైనా తప్పులు చేసుంటే అవి కూడా ఇప్పుడే చెప్పెయ్యి. మాకు సెలవు వారం రోజులవుతుంది" అంది. అప్పటిదాకా బిగపట్టుకున్న నవ్వంతా ఒక్కసారిగా బయటికొచ్చింది. మేనేజరు కూడా నవ్వాపుకోలేకపోయాడు.

"మోటార్లు మీకే పంపిస్తానన్నాను, ఆ మాట మార్చను" అన్నాడు లేస్తూ. "కానీ ఇక మీదట ఏది పారేయాలన్నా ముందు నన్నడగండి."

"మీరు ఏది నెమ్మది చెయ్యాలన్నా ముందు నన్నడగండి సార్."

అందరూ వెళ్ళాక వదినా మరుదులు మోటారు బోల్టులు విప్పారు. బండెక్కించే ముందు లోపల ఎలా ఉందో చూద్దామని ఆవిడ వెనక మూత అక్కడే తీసింది. వారం కిందట బంగారు రంగులో మెరిసిపోయిన చుట్టు ఒక పక్కంతా నల్లబారింది. కట్టిన దారాన్ని గోటితో తాకితే పొడిపొడిగా రాలింది. తీగ ఇంకా కాలలేదు.

"ఇది సాయంత్రందాకా నడిచేదా వదినా?" అన్నాడు మరిది మెల్లగా.

"టీ వేళ దాకా కూడా నడిచేది కాదు."

 ఊరుకుని ఉంటే ఆ పరువు సరిగ్గా రెండు గంటలు ఉండేది. తర్వాత మోటారు కాలేది, చుట్టు చెడ్డదనేవాళ్ళు, తను నిజం తెలిసీ చెప్పలేక ఇంటికి పోయేది. తప్పు ఎక్కడుందో ఇంకెవరికీ ఎప్పటికీ తెలిసేది కాదు. ఆవిడ మూత తిరిగి పెట్టి బిగించింది.

మరిది చుట్టూ చూసి, "నేను ఊరుకోమన్నానని ఎవరితోనూ అనకు వదినా" అన్నాడు.

"నాకూ ఊరుకుందామనే అనిపించింది. అది నువ్వూ అనకు" అంది డాక్టరక్క. "ఆ చివర పట్టుకో, బండెక్కిద్దాం."